జబ్బకు కట్టిన రూపాయి

పీజీ ప్రవేశపరీక్ష రాయడానికి కాకినాడ నుంచి వచ్చి, పొద్దున్నే యాకుత్‌పురా స్టేషన్ బయట షేర్ ఆటో ఎక్కాను. నిమిషం ఆలస్యమైనా గేటు మూసేస్తారు. హాల్‌టికెట్టు మడిచి, మళ్లీ తీసి టైము చూసుకుంటున్నాను.

పక్కన బురఖాలో ఉన్న పెద్దావిడ అది చూసింది. "గంత భయమేంది బేటా?" అంటూ తన చేతిరుమాలు అంచు చింపి, అందులో రూపాయి బిళ్ళ ముడేసి నా జబ్బకు కట్టింది. "ఇమామ్ జామిన్ ఇది. సఫర్ల, దూరం పోయేటోళ్లకు కడ్తం. సలామత్‌గ, ఏం కాకుంట చేరాలె నువ్వు."

దారంతా ఆ ముడినే తడుముకుంటూ కూర్చున్నాను; హాల్‌టికెట్టు మళ్లీ తీయలేదు.

పరీక్షాకేంద్రం గేటు దగ్గర తనిఖీ చేసే ఆమె నా జబ్బ తడిమి, "ఏందిది? తీసెయ్" అంది. ఇప్పుడు విప్పితే ఏమవుతుందో! వెనక్కి తిరిగి చూశాను. నన్ను దింపిన ఆటో ఇంకా కదల్లేదు.

"విప్పు బేటా! చేరినంక విప్పాల్సిందే. గరీబోళ్లకు ఇచ్చెయ్," అని పెద్దావిడ నవ్వుతూ అరిచింది.

విప్పి, గేటు పక్కన చెయ్యి చాపిన ముసలాయనకు ఇచ్చి లోపలికి పరుగెత్తాను.

ఆవిడ దృష్టిలో నేను చేరిపోయాను; నా అసలు ప్రయాణం మాత్రం ఇప్పుడే మొదలవుతోంది. కంప్యూటర్ తెర మీద మొదటి ప్రశ్న వచ్చేసరికి, నా వేళ్లు ఖాళీ జబ్బను తడుముకుంటున్నాయి.