బెదరకుండా వినమన్న మా మామ

ఆదివారం చర్చిలో కూడిక ముగించి బైబిలు గ్రంథం మూస్తుండగా తాడిపత్రి నుంచి ఫోన్ వచ్చింది. మా మేనమామ కూతురు. "నాయన పోయినాడు బావా. పొద్దున్నే టైర్లు తట్టి చూసుకొని, బండెక్కబోతా కూలబడినాడు" అంది. గంటల కొద్దీ ప్రసంగించే బల్ల మీదే గ్రంథం వదిలేసి తాడిపత్రి బస్సెక్కాను.

మామ తాడిపత్రి బండలు కోస్తాకు తోలే లారీ డ్రైవరు. కూడికకు రమ్మంటే, "నువ్వు దేవునితో మాట్లాడు అల్లుడూ, నేను టైర్లతో మాట్లాడుకుంటా" అనేవాడు. ఇనుప రాడ్డుతో ఒక్కో టైరునూ తట్టి, చెవి పెట్టి విని, అప్పుడు గాని కదిలేవాడు కాదు. జేబులో ఎప్పుడూ వేయించిన శనక్కాయలుండేవి. ఇంజను మోతను మించి మాట్లాడి మాట్లాడి గొంతు పెద్దదైంది. మా ఇళ్లలో ఆ గొంతు ప్రేమ. కోస్తాలో దిగితే అదే గొంతు తగాదా అయ్యేది.

సినిమాల్లో సీమవాడంటే కత్తి, బాంబు తప్ప మరేమీ లేని రోజులవి. కోస్తాలో సభలకని ఒకసారి మామ లారీలోనే బయలుదేరాను. ఒక ఊరి టీ అంగడి ముందర, మా కళ్లెదుటే, ముందుపోతున్న లారీ ఒక సైకిలు మనిషిని కొట్టేసి ఆగకుండా పోయింది. మామ బ్రేకు తొక్కాడు. నేను చెయ్యి పట్టుకున్నాను. "వద్దు మామా. మనమే కొట్టామంటారు. దిగినా నోరు తెరవొద్దు."

"నోరు మూసుకుంటే ఆ మనిషి బతుకుతాడా?" అని దూకాడు.

అంగడి దగ్గరి జనం చుట్టేశారు. "వీళ్లేరా కొట్టింది! ఏ ఊరయ్యా మీది?"

"తాడిపత్రి అప్పా. కొట్టింది మేము గాదు. ముందు ఈ మనిషిని ఎత్తండి."

"సీమోళ్లు రా బాబూ! లారీలో బాంబులున్నాయేమో చూడండి!"

ఒకడు మామ చొక్కా పట్టుకున్నాడు. కింద ఆ మనిషి నెత్తురు రోడ్డు మీద పారుతోంది. సహోదరులారా, గురువును పట్టుకుపోయిన రాత్రి చలిమంట దగ్గర నిలబడిన శిష్యుణ్ణి చుట్టూ ఉన్నవాళ్లు మాటతీరును బట్టే పసిగట్టారు, ఆయన భయపడి గురువును ఎరగనన్నాడు అని ఎన్ని పందిళ్లలో గొంతు చించుకుని చెప్పానో! మామ ఆ కథ ఎన్నడూ వినలేదు. తన మాట తనను పట్టించిన చోటే ఆ మాటను ఇంకా గట్టిగా ఎత్తాడు.

"జరగండి ఆడికి!"

జనం రెండుగా చీలిపోయారు. చొక్కా పట్టుకున్న చెయ్యి వదిలేసింది. ఆ మనిషిని క్యాబిన్‌లో పడుకోబెట్టి పట్నం ఆసుపత్రికి చేర్చాం. సాయంత్రానికి అతనికి తెలివొచ్చి, కొట్టింది వేరే లారీ అని తనే చెప్పాడు. దేవునికి స్తోత్రం.

తిరుగు దారిలో, "సింహంలా అరిచావు మామా" అన్నాను. ఆయన మొహం మాడిపోయింది.

"నా మాట ఇని జరిగినారనుకుంటాండావా అల్లుడూ? బెదిరి జరిగినారు. నేనేమన్నా చిరతపులినా? బెదరకుండా ఇనల్ల. అది గావల్ల నాకు."

అప్పటినుంచి ఆ దారిన పోయినప్పుడల్లా ఆ అంగడి ముందే లారీ ఆపేవాడు. మొదటిసారి నేనూ ఉన్నాను. మామ కూర్చోగానే బల్ల మీది మాటలన్నీ ఆగిపోయాయి. అంగడాయన గ్లాసును బల్ల చివర పెట్టి వెనక్కి జరిగాడు. "ఏమప్పా, నేను కరుస్తానా?" అన్నాడు మామ నవ్వుతూ. ఎవరూ నవ్వలేదు. గొంతు తగ్గించమని నేను గొణిగాను. "తగ్గిస్తే వాళ్లకు అలవాటెట్లయితాది?" అని, జేబులోంచి గుప్పెడు శనక్కాయలు తీసి బల్ల మీద పోశాడు. "తినండప్పా, మా చేనివి. వానల్యాక ఈతూరి కాయ సన్నమొచ్చినాది."

ఎవరూ ముట్టలేదు. వాటిని అక్కడే వదిలేసి లారీ ఎక్కాడు.

వాళ్లకు అలవాటవడానికి ఏళ్లు పట్టింది. మా వైపు బోర్లెండాయి, చేలెండాయి, ఆయన శనక్కాయలు మాత్రం ఆ బల్ల మీద పోస్తూనే ఉన్నాడు. ఒకనాడు ఇంటికొచ్చి చిన్నపిల్లాడిలా చెప్పాడు. "ఈ పొద్దు అంగడాయన, 'మీ గొంతేంటండీ, మైకు మింగారా?' అన్న్యాడు అల్లుడూ. ఎగతాళి జేసినాడు నన్ను!" అంత సంతోషం ఆయన మొహంలో నేనెన్నడూ చూడలేదు. బెదిరినవాడు ఎగతాళి చెయ్యడు కదా.

మామను మట్టి చేసిన కొన్నాళ్లకు వేరే లారీలో ఆ దారిన పోతూ అంగడి దగ్గర దిగాను. అంగడాయన నా వెనక క్యాబిన్ కేసి చూశాడు. "మీ మామగారు రాలేదేంటండీ?"

చెప్పాను. బల్ల మీది మాటలన్నీ ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దం నాకు తెలుసుననుకున్నాను. కాదు, ఇది వేరు. అంగడాయన గ్లాసు తెచ్చి నా చేతికే ఇచ్చాడు. నేను జేబులోంచి గుప్పెడు శనక్కాయలు తీసి బల్ల మీద పోశాను. ఒక ముసలాయన చెయ్యి చాచి ఒకటి తీసుకున్నాడు. కాయ చిట్లిన చప్పుడు అందరికీ వినిపించింది.