మూడు కాలాల పరీక్ష

తెలంగాణ రావడానికి నాలుగైదేళ్ల ముందు మాట. నాన్న బొగ్గుబాయి డ్యూటీ నుంచి రిటైర్ కాబోతున్నాడు. కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి ఎక్కడికి పోవాలన్నదే ఇంట్లో గొడవ. నాన్నకు గోదావరిఖని దగ్గరే, కమాన్‌పూర్ దారిలో కాస్త జాగా ఉంది. అమ్మకు చీరాల అవతలి సముద్రపు ఒడ్డు కావాలి. మా పక్క క్వార్టర్లో ఉండి, ఆ ఒడ్డునే ఉన్న సొంతూరు వెళ్లిపోయిన అత్తయ్య తన ఇంటి పక్కనే స్థలం ఉందని పిలుస్తోంది.

"పోయి చూద్దాం" అన్నాడు నాన్న. అంటే వద్దని అర్థం. మర్యాదస్తుడు, పైకి అనడు.

మొదట చలికాలంలో వెళ్లాం. డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్నాను కనుక సామాను మోసే హోదాలో నేనూ వెళ్లాను. హోటళ్లు లేవు, బోర్డులు లేవు. సరుగుడు తోటలు, వేరుశెనగ చేలు, వాటి చివర ఏ ఆర్భాటమూ లేకుండా సముద్రం. జాలర్లు వల లాగుతుంటే అమ్మ కూడా ఓ చెయ్యి వేసింది. చేపలు పడ్డాయో లేదో చూడకుండానే ఊరిని పాస్ చేసేసింది.

"చలికాలం ఏ ఊరైనా మంచిగనే ఉంటది. ఎండకాలం చూడాలె" అన్నాడు నాన్న.

ఎండాకాలం మా వైపు గోడకు ఆనుకుంటే వీపు అట్టవుతుంది. అక్కడ మధ్యాహ్నం దాటగానే సముద్రం మీంచి చల్లగాలి తిరిగింది. నాన్న ముంజలు తిని తాటాకు పందిరి కింద మంచమెక్కితే సాయంత్రం దాకా లేవలేదు. లేచి, "వానకు తెలుస్తది దీని సంగతి" అన్నాడు.

వానాకాలమూ వెళ్లాం. రాత్రంతా కురిసింది. తెల్లారి నాన్న బురద కోసం ఊరంతా తిరిగాడు. ఇసుక నేల, నీళ్లన్నీ తాగేసి శుభ్రంగా కూర్చుంది.

"ఇంకే కాలం చూస్తారన్నయ్యా? దేవుడిచ్చినవి మూడే" అంది అత్తయ్య, చేపల పులుసు వడ్డిస్తూ.

నాన్న చాలాసేపు అన్నం కలిపాడు. "అంతా మంచిగనే ఉంది చెల్లే. కాని పొద్దుగాల రోడ్డెక్కితే 'ఏ షిఫ్టే కాకా?' అని అడిగేటోడు ఈడ లేడు."

"రిటైరైనంక ఆడ మాత్రం ఎవలడుగుతరు?" అంది అమ్మ.

"అడగకుంటే ఏమాయె, ఎదురుపడతరు గదా."

అమ్మ వాకిట్లోకి పోయి సముద్రం వైపు చూసి వచ్చింది. "ఇల్లు కమాన్‌పూర్ తొవ్వలనే కట్టు. కాని ఏడాదికి మూడుసార్లు నన్ను ఈడికి తీస్కరావాలె. ఏ కాలానికి ఆ కాలం."

నాన్న వెంటనే సరేనన్నాడు. మా బొగ్గు ప్రాంతంలో ఏ ఒప్పందమూ అంత త్వరగా కుదరగా నేను చూడలేదు.

సాయంత్రం వాన తెరిపిచ్చాక అమ్మ మోకాళ్ల దాకా నీళ్లలోకి దిగింది. నాన్న ఆమె చెప్పులు పట్టుకుని ఒడ్డున నిలబడ్డాడు.