సంగప్ప ఇంటివైపు తిరిగిన సోలార్ హీటర్

సూర్యభగవానునికి నేను అరవై పేర్లు గుక్క తిప్పుకోకుండా చెప్పగలను. ఆయన రథానికి గుర్రాలెన్నో, సారథి ఎవరో, ఆ సారథికి తొడలెందుకు లేవో కూడా వివరించగలను. జహీరాబాద్ బడిలో ఏళ్ల తరబడి తెలుగు చెప్పి కూడబెట్టుకున్న విద్య అది. అయితే చలికాలంలో ఆయన మా మిద్దెకు ఏ దిక్కున ఉంటాడన్న చిన్న సంగతి తెలియక, పదేళ్ల కిందట నేను పొందిన పరాభవం ఇంతా అంతా కాదు. ఆ వృత్తాంతమే ఇప్పుడు విన్నవిస్తున్నాను. అప్పట్లో నాకు నవ్వు రాలేదు కనుక నా వాటా కూడా మీరే నవ్వండి.

ఈ కథకు మూలపురుషుడు సంగప్ప. మా బడిలోనే లెక్కలు చెప్పేవారు. సందుకు ఆవలి పక్కన, మాకు సరిగ్గా ఉత్తరాన, ఎదురిల్లు ఆయనది.

ఆ రోజుల్లో మా స్నానాలకు దిక్కు ఒక కరెంటు రాడ్డు. దానిని బకెట్లో ముంచి, పాలు పొంగకుండా కాపలా కాసినట్లు కాపలా కాయాలి. న్యాల్‌కల్ వైపునుంచి వీచే చలిగాలి ఎటువంటిదో ఈ ప్రాంతం వారికి చెప్పనవసరం లేదు. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు. చన్నీళ్లు తగిలితే ఆ పూట ఆమె మెట్టు దిగలేదు.

"ఏమండి, ఈ రాడ్డు కరెంటు తాగినట్టు ఇంకేదీ తాగదు. జర తక్కువ కరెంటుతోని నడిచేది చూడున్రి. నా మోకాళ్లు మొరపెట్టుకుంటున్నయి" అని ఆమె రెండు చలికాలాలుగా అడుగుతూనే ఉంది. నేను రెండు చలికాలాలుగా "చూద్దాం" అంటూనే ఉన్నాను.

మూడో చలికాలంలో సంగప్ప తన మిద్దెపై సోలార్ హీటర్ పెట్టించారు. నల్లని గాజు గొట్టాల వరుస, దాని నెత్తిన తెల్లని డ్రమ్ము. అది సరిగ్గా మా ఇంటివైపే మొహం పెట్టి కూర్చుంది. పొద్దున్నే నేను తలుపు తీయగానే అదే దర్శనం. నన్ను ఏడిపించడానికే సంగప్ప దానినిటు తిప్పారని నాకు మొదటి క్షణంలోనే తెలిసిపోయింది. అసూయపరులకు ఇటువంటివి ఎవరూ చెప్పకుండానే తెలుస్తాయి.

స్టాఫ్ రూములో డ్రిల్లు సారు అందుకున్నాడు. "సంగప్ప సారూ, నీళ్లు పొగలు కక్కుతున్నయట గద?"

"మనదేముంది సారూ, అంత సూర్యుని దయ" అన్నారు సంగప్ప, మహావినయంగా.

పచ్చి అల్లం నమిలినట్లయింది నాకు. ఆ బడిలో సూర్యుని గురించి మాట్లాడే అధికారం నాది. అది లెక్కల సారు చేతికి ఎప్పుడు పోయింది? ఆ సాయంత్రమే దుకాణానికి వెళ్లాను.

"ఇంట్ల ఎంతమంది సార్?" అని అడిగాడు దుకాణదారు.

"ఇద్దరం."

"అట్లయితే నూరు లీటర్లది మస్తయితది."

"సంగప్ప సారుది ఎంత?"

"నూరే."

"అయితే మాకు రెండు వందలు."

ఆయన నన్ను తేరిపార చూశాడు. "ఇద్దరు మనుషులు రెండొందల లీటర్లు ఏం జేసుకుంటరు సార్? పోనీ, లోపల కరెంటు కాయిల్ గూడ ఏపిచ్చుకోండ్రి. మబ్బు పట్టిన దినం అక్కరకొస్తది."

"సంగప్ప సారు వేయించుకున్నారా?"

"ఏపిచ్చుకున్నరు."

"అయితే వద్దు. మాది పరిశుద్ధ సౌరశక్తి."

విజ్ఞులు గమనించాలి. పొదుపైన హీటరును ఎంచుకోవడానికి నేను పాటించిన శాస్త్రం ఇంతే: సంగప్పది ఏమిటో అడగడం, దానికి రెట్టింపో వ్యతిరేకమో కొనడం.

మర్నాడు బిగించడానికి ఖాజా మేస్త్రీ వచ్చాడు. గడ్డం నెరిసిన మనిషి. మిద్దె ఎక్కి, చేతిలోని ఫోనులో దిక్కులు చూసుకొని, "దీని మొహం దక్షిణం దిక్కు పెట్టాలె సార్" అన్నాడు.

దక్షిణానికి పెడితే సంగప్పకు కనిపించేది దాని వీపు. ఆయన మొహం నేను చూస్తూ ఉండాలి, నా వీపు ఆయన చూస్తూ కాఫీ తాగాలి. ఇది ఏ విధంగా న్యాయం?

"ఉత్తరానికి పెట్టు."

"ఉత్తరానికి పెడితే నీళ్లు గరం గావు సార్."

"ఖాజా, ముందు వచ్చేది ఏమిటో తెలుసా? ఉత్తరాయణం. సూర్యుడు ఉత్తరదిశగా పయనించే పుణ్యకాలం. వెళ్లేవారికి ఎదురుగా నిలబడి స్వాగతం చెప్పాలి గాని, వెనక నిలబడి కాదు."

"నాకు గవన్ని తెల్వయి సార్. ఈ ఊర్ల ఎన్ని పెట్టిన్నో, అన్ని దక్షిణానికే."

"సంగప్ప సారుది?"

"అది గూడ గంతే. మీ ఇల్లు ఆ దిక్కే ఉన్నది గద."

ఆ చివరి మాటలో నా రోగానికి మందు ఉంది. కాని మందు చెవిలో పోస్తే లోపలికి దిగదు కదా. చివరికి ఖాజా ఒక తెల్లకాగితం చాపాడు. "మీ మర్జీ సార్. నేను వద్దన్న, మీరే పెట్టుమన్నరని జర రాసియ్యిన్రి." సంధులు తప్పకుండా, సమాసాలు చెడకుండా, నిండు పేరాగ్రాఫు రాసి సంతకం చేశాను.

ఆ పొంగులోనే పాత రాడ్డును బడి అటెండరుకు దానం చేశాను. తొందరపడ్డానని మర్నాడే తెలిసింది.

మా ఇంట్లో నీళ్లు తోడిపెట్టేది ఆవిడ, పోసుకునేది నేను. కుళాయి తిప్పే అలవాటు నాకు అప్పటికీ లేదు. ఆ ఉదయం మొదటి చెంబు నెత్తిన పడగానే అరవై పేర్లూ ఒక్కసారిగా గొంతులోకి వచ్చి ఇరుక్కుపోయాయి.

"నీళ్లు సల్లగనే ఉన్నయి గదండి" అన్నది ఆవిడ.

"కొత్త పరికరం. ఎండ అలవాటు కావాలి."

"గప్పటిదాంక నా మోకాళ్లు ఆగుతయా?"

ఖాజాను పిలిచి తిప్పించవచ్చు. కాని ఖాజా మా మిద్దె ఎక్కితే సంగప్ప చూస్తారు. సంగప్ప చూస్తే స్టాఫ్ రూముకు తెలుస్తుంది. స్టాఫ్ రూముకు తెలిస్తే నేను రాయికోడ్‌కు బదిలీ పెట్టుకోవడమే. పళ్లు బిగించి రెండో రోజు కూడా పోసుకున్నాను. ఆవిడ ఆ రోజు కుంటుతూ వంట చేసింది. చూసీ చూడనట్లున్నాను.

మూడో రోజు ఉదయపు నడక నుంచి వచ్చేసరికి గంగాళంలో నీళ్లు పొగలు కక్కుతున్నాయి. ఒళ్లంతా పులకించింది. సూర్యుడు నా మాట విన్నాడు, ఉత్తరానికి వచ్చాడు. ఆవిడ మోకాళ్లు కూడా తేలికపడ్డాయి.

ఆనాటినుంచి నెల రోజులు నా నోటికి అడ్డు లేకపోయింది. స్టాఫ్ రూములో సంగప్పను పట్టుకొని, "మీ నీళ్లలో సెగ ఉంటుందే గాని మార్దవం ఉండదు సంగప్పగారూ. మీవి ఒంటిని కాలుస్తాయి, మావి ఒంటిని పలకరిస్తాయి" అన్నాను. ఆయన నీళ్లు నేను ఏనాడూ పోసుకొని ఎరుగనని అప్పట్లో నా నమ్మకం.

"నిజమే సారూ. ఉత్తరాయణం నీళ్ల లెక్కనే వేరుంటది" అన్నారు సంగప్ప. డ్రిల్లు సారుకు ఎందుకో చాయ్ పొలమారింది.

ఇక అసలు ఘట్టం. ఒకనాడు మబ్బు తునక లేదు, ఎండ ఫెళ్లున కాసింది. మర్నాడు ధీమాగా చెంబు ఎత్తి నెత్తిన పోసుకున్నాను. మంచుగడ్డ. తువ్వాలు చుట్టుకొని బయటికి పరుగెత్తుకొచ్చాను.

"ఏమిటిది? నిన్నంతా సూర్యుడు ఉన్నాడు కదా?"

ఆవిడ బియ్యంలో రాళ్లు ఏరుతున్నది, తల ఎత్తలేదు. "సూర్యుడు యాడికి పోలే. సంగప్ప సారోళ్లే పోయిన్రు. బీదర్ల పెండ్లున్నదట. ఎల్లుండిదాంక రారు."

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ఒంటిమీది నీళ్లు ఆరడానికి అంతకంటే తక్కువ పట్టింది.

"అంటే ఈ నెల రోజులూ..."

"మీరు వాకింగుకు పోంగనే రెండు బకెట్లు తెచ్చి ఎనక దర్వాజ కాడ పెట్టిపోతరు. నా నడక జూసి సారు ఇంటామె నాగమ్మకు మనసాగలే."

"సంగప్పకు తెలుసా?"

"బకెట్లు మోసుడే ఆయన గద."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పెతందుకు సందియ్యాలె గద. మీరు నోరు తెరిస్తే ఉత్తరాయణమే."

రెండు రోజులు చన్నీళ్ల ప్రాయశ్చిత్తం జరిగింది. తరువాత ఖాజా వచ్చాడు. జేబులోంచి నా కాగితం తీసి, మడత విప్పి చూపించి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. హీటరు దక్షిణానికి తిరుగుతుంటే సంగప్ప తమ గేటు దగ్గర నిలబడి నన్ను ఓదార్చారు.

"మీరు జెప్పింది మొత్తం తప్పు గాదు సారూ. మే నెల నడుమల సూర్యుడు మన నెత్తి దాటి ఉత్తరానికి పోతడు. జర ఎండలు ముదిరేదాంక ఓపిక పట్టుంటే మీ నీళ్లు కుతకుత ఉడుకుతుండె."

లెక్కల మనిషి ఓదార్పు అటువంటిది. కాదనడానికి వీలుండదు.

కనుక పాఠకులారా, ఈ ఉదయం నా సొంత హీటరు కాచిన వేడినీళ్లు దోసిట పట్టి, దక్షిణాభిముఖుడనై, ధర్మపత్ని సాక్షిగా సంకల్పం చెబుతున్నాను. ఇకమీదట ఇంటికి ఏ వస్తువు కొన్నా, అది దేనికోసమో చూసుకొని కొంటాను గాని ఎవరి కోసమో చూసుకొని కొనను. ఎదురింటి వస్తువు మొహం ఎటు ఉన్నదో ఈ జన్మలో పట్టించుకోను.

అన్నట్లు, సంగప్ప నిన్న కరెంటు స్కూటరు కొన్నారు. గేటు ముందు నిలబెట్టారు. సందులో నాలుగు దిక్కులూ ఖాళీగా ఉండగా, దాని హెడ్‌లైటు మా గుమ్మం వైపే ఎందుకున్నదో మాత్రం నాకు బోధపడటం లేదు.