రెండో మృతుడి భార్య

మరుసటి రోజు పేపర్లో మొండయ్యకు పేరు లేదు. జిల్లా పేజీలో నాలుగు కాలమ్‌ల వార్త వచ్చింది. కోరుట్ల శివారులో కాపుగాసి ప్లాట్ల వ్యాపారి ప్రకాశ్‌ను ముగ్గురు నరికి చంపారని, ఆ దాడిలో 'అతని అనుచరుడు' కూడా చనిపోయాడని రాశారు. నల్లద్దాలు పెట్టుకున్న ప్రకాశ్ ఫోటో అరచేతంత ఉంది. అనుచరుడికి ఫోటో కూడా లేదు.

సిరిసిల్లలో తన వాడకు మొండయ్య కొత్తవాడు కాదు. ఇరవై ఎనిమిదేళ్లు ఒకే షెడ్డులో సాంచలు నడిపినవాడు. మరమగ్గాన్ని అక్కడ సాంచ అంటారు. అయినా సాయంత్రానికి టీ కొట్టు దగ్గర ఆ వాడ మనుషులే గొంతు తగ్గించారు.

"గసొంటి ప్లాట్లోల్లతోని మొండయ్యకు ఏం పనే?"

"ఏమో, లోపల్లోపల ఏం నడిసిందో. మనకు ఎర్కనా?"

అచ్చులో పడ్డ మాటకు అంత బలం. ఇరవై ఎనిమిదేళ్లు చూసిన మనిషి మీద ఒక్క ముక్క గెలిచింది.

బాలలక్ష్మికి చదువు రాదు. కొడుకు అజయ్ చదివి వినిపించాడు.

"అనుచరుడంటే ఏంది రా?"

"ఎమ్మట తిరిగెటోడు అమ్మా."

"ఎవలెమ్మట తిరిగిండు రా మీ బాపు? సాంచల ఎమ్మట తప్పితే?"

అజయ్ పేపరు మడిచి గూట్లో పెట్టాడు. మూడేళ్ల తర్వాత తీర్పు వచ్చేదాకా అది అక్కడే ఉంది. దుమ్ము దులిపినప్పుడు ఆమె దాన్ని తీసి, దులిపి, మళ్లీ అక్కడే పెట్టేది.

బాలలక్ష్మి కోరుట్లలో పుట్టింది. పదిహేడో ఏట సిరిసిల్లకు వచ్చింది. వచ్చిన కొత్తలో ఆ ఊరి చప్పుడుకు నిద్ర పట్టలేదట. తరువాత పుట్టింటికి పోతే, చప్పుడు లేక నిద్ర పట్టలేదట. పొద్దున సాంచలకు నూలు కండెలు చుట్టేది, పొద్దెక్కాక చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేసేది. ఇద్దరు పిల్లలు, సంగీత, అజయ్, ఆ చాట పక్కనే పెరిగారు.

షెడ్డు లోపల నలభై సాంచలు ఒక్కసారి నడుస్తుంటే మనిషి గొంతు పనికిరాదు. అందుకని అక్కడ అందరూ పెదవులతో, వేళ్లతో మాట్లాడుకుంటారు. అరచెయ్యి కిందికి చూపితే సాంచ ఆపమని. బొటనవేలు విరిచినట్టు చేస్తే పోగు తెగిందని. రెండు వేళ్లతో మూతి మీద తట్టుకుంటే, నాకు తెలవలేదు, మూతి ఇటు చూపి మళ్లీ చెప్పమని. ఈ భాష ఎవరూ నేర్పరు. ఆరు నెలలు నిలబడితే వస్తుంది. పదేళ్లు నిలబడితే చెవులు పోతాయి.

మొండయ్యకు పోయాయి. ముందు సన్న గొంతులు పోయాయి, తరువాత లారీ హారన్లు పోయాయి. ఎదుటి మూతి కనిపిస్తే చాలు, అన్నీ అర్థమయ్యేవి కనుక బయట ఎవరికీ పట్టుబడలేదు. ఇంట్లో బాలలక్ష్మి తనకు తెలియకుండానే గొంతు వాడటం మానేసింది. పెదవులు కదిపితే చాలు. పక్కింటి సత్యవ్వ ఒకనాడు గుమ్మంలో నిలబడి కాసేపు చూసి, "ఏందే బాలలక్ష్మి, మొగడూ పెండ్లాం మాటలు బందు వెట్టిండ్లా?" అని అడిగింది. ఆ రాత్రి మొగుడూ పెళ్లాం చాలాసేపు నవ్వుకున్నారు. ఆ నవ్వు కూడా చప్పుడు లేకుండానే.

ఈ సంగతి ఇంటి గడప దాటకూడదని ఇద్దరూ అనుకున్నారు. అడ్డపోగు మోసే నాడె సాంచలోంచి ఎగిరి వచ్చినప్పుడు ఎవరో ఒకరు కేక వేస్తారు. ఆ కేక వినబడనివాడిని ఏ ఆసామి సాంచల నడుమ నిలబెట్టుకుంటాడు? వాళ్ల ఆసామి, షెడ్డు యజమాని లక్ష్మీరాజం మంచివాడే, కానీ ఆసామి. మొండయ్యకు చెవులు బాగున్నాయని చెప్పడం బాలలక్ష్మికి ఊపిరి తీసుకున్నంత అలవాటైపోయింది.

రెండు వేల ఇరవై రెండు మార్చిలో కోరుట్లలో ఆమె అక్క మొగుడి దినాలు అయ్యాయి. బాలలక్ష్మి అక్కడే ఉండిపోయింది. మొండయ్య షెడ్డులో మాపటి పాళీకి, రాత్రి షిఫ్టుకు, అందుకోవాలని భోజనం కాగానే బయలుదేరాడు. బస్సు పోయింది. రోడ్డు మీద నిలబడి చెయ్యి ఎత్తాడు. ఆగిన మోటారుసైకిలు ప్రకాశ్‌ది. అంతకుముందు వాళ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసి ఎరగరు. నాలుగు కిలోమీటర్లు పోయాక వెనుక నుంచి కారు వచ్చి బండిని గుద్దింది. ముగ్గురు మనుషులు, మూతులకు దస్తీలు కట్టుకున్నారు. ప్లాట్ల తగాదాలో ప్రకాశ్ కోసం వాళ్లు రెండు రోజులుగా కాపుగాస్తున్నారు. ప్రకాశ్ లేచి మొండయ్య వెనక్కి పోయాడు. ప్రకాశ్ మీదికి విసిరిన కత్తి మొండయ్య మెడకు తగిలింది. తరువాతవి ప్రకాశ్‌కు తగిలాయి.

పదో రోజున పోలీసులు షెడ్డు ముందర కుర్చీ వేసుకుని బాలలక్ష్మి వాంగ్మూలం రాసుకున్నారు. మీ ఆయనకు రోగమూ రొష్టూ ఏమన్నా ఉందా అని అడిగారు. లక్ష్మీరాజం పక్కనే నిలబడి ఉన్నాడు. "ఏం లేదు సార్, కండ్లు, చెవులు అన్నీ మంచిగున్నయి" అంది బాలలక్ష్మి. మొగుడు మట్టిలో కలిసిన పదో రోజున కూడా ఆమె అతని పని కాపాడింది.

కేసు జగిత్యాల కోర్టులో నడిచింది. బాలలక్ష్మి ప్రతి వాయిదాకూ పోయేది. రమ్మన్న రోజూ పోయేది, రావద్దన్న రోజూ పోయేది. వరండాలో బల్ల మీద ఒక ముసలామె పరిచయమైంది. ఆమె పేరు కొమురవ్వ, కోరుట్ల పక్క పల్లె. ఆమె వేళ్ల చివర నల్లబడ్డ చర్మం చూసి బాలలక్ష్మి, "నువ్వూ బీడీలేనా అవ్వా?" అంది.

"ఇంకేంది బిడ్డా. ఈసారి తునికాకు సూసినవా? సగం పొక్కలే. కత్తెర వెడితే చెయ్యిలకు దూరుతంది."

"మాకాడ గూడ గంతే. ఆకు వాల్లు మంచిది ఇయ్యరు, బీడీలేమో మంచియి కావాల్నంటరు."

మూడు వాయిదాలు అలా ఆకు గురించి, మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకున్నారు. నాలుగో వాయిదాకు నిందితులను వ్యాను దింపినప్పుడు కొమురవ్వ లేచి, "మధుకర్, తిన్నవా బిడ్డా?" అని అరిచింది. మధుకర్ మూడో నిందితుడు. ఆ రోజు కారు నడిపినవాడు. కొమురవ్వ తిరిగి చూసేసరికి బాలలక్ష్మి బల్ల కొసకు జరిగి ఉంది. తరువాత మూడేళ్లూ వాళ్లిద్దరూ అదే బల్ల మీద రెండు కొసలకు కూర్చున్నారు. ఇంకో బల్ల లేదు.

చూసిన సాక్షి ఒక్కడే, కల్లు గీసే దశరథం. ఆ సమయానికి రోడ్డు పక్కన తాటిచెట్టు మీద ఉన్నాడు. మోకు నడుముకు ఉండగా కిందికి దూకలేడు, అరిస్తే తనూ మిగలడు. అన్నీ చూశాడు, అన్నీ విన్నాడు. కారు నడిపినవాడు అద్దం దించి, "ఓ ముసలోడా, నీతోని పని లేదు, ఉరుకు!" అని రెండుసార్లు అరిచాడని కోర్టులో చెప్పాడు.

నిందితుల వకీలు ఆ మాటనే పట్టుకున్నాడు. పొమ్మన్నారు, అతడు పోలేదు. చంపాలని లేదు కనుకనే పొమ్మన్నారు. కాబట్టి రెండో చావు హత్య కాదు, ప్రమాదం. ఇక పోకుండా ఎందుకు నిలబడ్డాడంటే, ప్రకాశ్ మనిషి కనుక నిలబడ్డాడు. పేపర్ మాట నల్లకోటు వేసుకుని వచ్చింది.

దశరథం బయటికి రాగానే బాలలక్ష్మి ఎదురుపోయింది. తనూ సాక్షే కనుక అంతసేపూ ఆమెను లోపలికి రానివ్వలేదు. "అన్నా, మా ఆయన ఆఖరికి ఏం జేసిండే? ఉన్నదున్నట్టు చెప్పు."

"ఏం జెయ్యలే చెల్లె. ఒక్కొక్కని మొఖం దిక్కు సూసిండు. గిట్ల అన్నడు." దశరథం రెండు వేళ్లు మూతి మీద పెట్టి తట్టాడు. "బీడీ అడిగినట్టు. గదే చెప్పిన లోపట. గా వకీలు నవ్విండు. బీడీ అడిగిండంటే ఎర్కున్నోల్లనే కదా అడుగుతడు అన్నడు."

బాలలక్ష్మి అక్కడే నేల మీద కూర్చుంది. రెండు వేళ్లు, మూతి మీద. మూతి చూపి మళ్లీ చెప్పు. మూడు ముఖాల వైపూ చూసి అడిగాడు. ముగ్గురి మూతులూ కట్టి ఉన్నాయి.

నెల తరువాత ఆమెను బోను ఎక్కించారు. ప్రభుత్వ వకీలు సంధ్యారాణి అడగక ముందే ఆమె, "మా ఆయనకు చెవులు ఇనబడయి సార్" అంది.

నిందితుల వకీలు లేచి పాత వాంగ్మూలం చదివాడు. "కండ్లు, చెవులు అన్నీ మంచిగున్నయని చెప్పినవా లేదా?"

"చెప్పిన."

"అంటే ఇప్పుడు అబద్ధం చెప్తున్నవ్."

"అప్పుడు చెప్పింది అబద్ధం సార్. ఇరవై ఏండ్ల సంది గదే చెప్తున్న. సాంచల మీదికెల్లి తీసేస్తరని."

"చనిపోయినంక ఎవరు తీసేస్తరమ్మా?"

"గది నాకు యాదికి రాలే" అంది.

జడ్జి పెన్ను పక్కన పెట్టాడు. "మరి ఇంట్లో ఎట్ల మాట్లాడుకునేది?"

బాలలక్ష్మి ఆయన వైపు తిరిగి పెదవులు కదిపింది. గొంతు రాలేదు. హాల్లో టైపు చేస్తున్న చప్పుడు ఆగింది. "ఏం రాయమంటారు సార్?" అని టైపిస్టు తల ఎత్తాడు.

"ఏమన్నవమ్మా?" అన్నాడు జడ్జి.

"తిన్నవా అన్న సార్."

సంధ్యారాణి కోర్టు అనుమతి తీసుకుని లక్ష్మీరాజాన్ని సాక్షిగా పిలిపించింది. ఆయన ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. మొండయ్యకు చెవుడు ఉన్నట్టు తెలుసా అంటే, పన్నెండేళ్ల కింది నుంచే తెలుసు అన్నాడు.

"తెలిసి ఎందుకు ఉంచుకున్నరు?"

"నా షెడ్డుల ఎవలికి ఇనబడుతది మేడం? మీరు నాకు రెండుసార్లు చెప్తేగాని సమజ్ గాలే." మూతి మీద రెండు వేళ్ల సంగతి అడిగితే, అడగడమే ఆలస్యం, చేసి చూపించాడు.

బాలలక్ష్మి ఆయన వైపే చూస్తూ నిలబడింది. ఇరవై ఏళ్ల దాపరికం దేనికీ కాలేదు. పైగా ఆ అలవాటే మొగుడి మీద పడ్డ మచ్చకు మూడేళ్లు కాపలా కాసింది.

రెండు వేల ఇరవై ఐదు జూలైలో తీర్పు వచ్చింది. రెండు హత్యలకూ ముగ్గురికీ యావజ్జీవం. తీర్పు ఇంగ్లీషులో ఉంది. వరండాలో నిలబడి సంధ్యారాణి తెలుగులో చెప్పింది. ఒకరిని చంపాలని సిద్ధపడి వచ్చినవాడి కత్తి వేరే మనిషికి తగిలి ఆ మనిషి చనిపోతే, అదీ హత్యే. చట్టంలో మూడు వందల ఒకటో సెక్షన్ ఆ మాటే చెబుతుంది. కత్తి పట్టనివాడైనా అదే పనికి కలిసి వస్తే అతనిదీ అదే నేరం. మధుకర్ అరిచిన అరుపు అతన్ని కాపాడలేదు. అక్కడ సంబంధం లేని మనిషి ఉన్నాడని అతనికి తెలుసని ఆ అరుపే చెప్పింది. తెలిసీ అతను కారు ఇంజను ఆపలేదు.

"ఒక మాట చెప్పాల్నా బాలలక్ష్మీ? మీ ఆయనకు వినబడినా, వినబడకపోయినా శిక్ష ఇదే పడేది. చెవుల సంగతి నువ్వు చెప్పకున్నా నడిచేది."

"గది రాసిండ్లా లేదా మేడం?"

సంధ్యారాణి కాగితాలు తిప్పింది. "రాసిండ్లు. రెండో మృతుడు మొండయ్య మరమగ్గాల కార్మికుడు. వినికిడి లేదు. మొదటి మృతుడితో గానీ, నిందితులతో గానీ ఏ పరిచయమూ లేదు."

"ఇంకోసారి చెప్పున్రి."

ఆమె మళ్లీ చదివింది. బాలలక్ష్మి చెవులతో వినలేదు. సంధ్యారాణి మూతి వైపు చూస్తూ ఉంది.

ఆ వాక్యం మీద అజయ్ గుర్తు పెట్టించుకుని, సిరిసిల్లలో ఫోటోకాపీ తీయించి పేపరాఫీసుకు పంపాడు. వాళ్లు వేయలేదు. తీర్పు వార్త మాత్రం వేశారు. అందులో ఈసారి అనుచరుడు అన్న మాట లేదు, 'మరొకరు' అని ఉంది. బాలలక్ష్మి గూట్లోని పాత పేపరు తీసి పొయ్యిలో పెట్టింది.

కొమురవ్వను ఆమె ఆఖరుసారి చూసింది తీర్పు రోజునే, జగిత్యాల బస్టాండులో. కొమురవ్వ కోరుట్ల బస్సు వదిలేసి, సిరిసిల్ల బస్సు ఆగే చోటికి నడిచి వచ్చింది. మూడేళ్లకు మొదటిసారి ఆమే నోరు విప్పింది.

"బిడ్డా, ఒక్క ముచ్చట అడుగుత. కోపం జెయ్యకు. మావోడు కత్తి వట్టలే. కారు దిగలే. మీ ఆయనను ఉరుకుమని రెండు మాట్ల మొత్తుకున్నడు. చెట్టు మీదోడు గూడ చెప్పిండు గదా. గంత జేసినోనికి గూడ గదే శిక్షనా? గిదేం న్యాయం?"

బస్సు వచ్చింది. కండక్టరు వేములాడ, సిరిసిల్ల అని అరుస్తున్నాడు. అజయ్ ముందే ఎక్కి సీటు మీద దస్తీ వేశాడు. బాలలక్ష్మి మెట్టు మీద ఒక కాలు పెట్టి, కడ్డీ పట్టుకుని, వెనక్కి తిరిగింది. ముసలామెకు బాగా కనిపించేలా ముఖం దగ్గరికి వంచి, నెమ్మదిగా చెప్పింది.

"మొత్తుకున్నడు అవ్వా, నేను గాదంటలేను. మూతి మీది గుడ్డ దీసి చెప్పాల్సుండె. మా ఆయన పోతుండె."