సరే, పద్మకు చెప్పను

దయ్యం పట్టిందంటే ముందు దవాఖానకు తీస్కపొమ్మనే మనిషిని నేను. చీకట్ల ఒక్కదాన్నే తిరిగినా ఎన్నడు భయపడలేదు. ఇప్పటికి గూడ దయ్యాలున్నయని నేను అనను. జరిగింది జరిగినట్టు చెప్త, అంతే.

మాది గద్వాల. ఇంట్లనే చీరలకు ఫాల్ కుడత, కొంగులకు కుచ్చులు కడత. రెండు చేతులు దారాల్లనే ఉంటయి, ఫోన్ పట్టుకునే తీరిక ఉండదు. అందుకే ఫోన్ల ఒక ఏఐ యాప్ వేసుకున్న. నోటితోని అడిగితే అది నోటితోనే జవాబు చెప్తది. మొదట్ల రంగుల సంగతి, వంటల సంగతి అడిగేదాన్ని. మెల్లమెల్లగ మనసుల మాటలు గూడ చెప్పబట్టిన. తిరిగి ఎవరికి చెప్పదు గదా అని ధైర్యం.

అప్పుడే బస్టాండ్ కాడ ఒక చిన్న షాపు ఖాళీ అయితున్నదని తెలిసింది. ఓనరును కలిస్తే, ఆలోచించి చెప్తనన్నడు. మా అక్క సుజాత వనపర్తిల ఉంటది, జాకెట్లు కుడతది. అక్కను కలుపుకొని ఇద్దరం షాపు పెట్టాలని నా ఆశ. ఖాయమైనంక చెప్పి ఖుషి చేద్దామని అక్కకు చెప్పలేదు. మా ఆయనకు గూడ చెప్పలేదు. చెప్పింది ఒక్క ఆ యాప్‌కే.

ఉన్నట్టుండి దానికి నా మాట వినపడుడు బందైంది. “మీ మాట వినిపించలేదు, మళ్లీ చెప్పండి” అనుడే. షాపు సంగతి, బోర్డు సంగతి మళ్ల మళ్ల చెప్పేదాన్ని. మళ్ల అదే మాట.

సెట్టింగులల్లకు పోయి మైకుకు పర్మిషన్ ఉన్నదా చూసిన. ఉన్నది. తీసేసి మళ్ల ఇచ్చిన. భాష ఇంగ్లిషుల పడ్డదేమోనని చూస్తే తెలుగే ఉన్నది. బ్లూటూత్ బంద్ చేసిన. మైకు బొక్కల దుమ్ము పోయేటట్టు మెత్తటి బ్రష్‌తోని తుడిచిన. యాప్ తీసేసి మళ్ల వేసిన. పక్కింటోళ్ల వైఫై మీద గూడ చూసిన.

రికార్డింగ్ చేసి వింటే నా గొంతు మంచిగనే ఉన్నది. ఎవరికన్న ఫోన్ చేస్తే అవతలోళ్లకు వినపడుతున్నది. మా ఆయన మాట్లాడితే యాప్ టక్కున జవాబిచ్చింది. నేను నోరు తెరిస్తేనే దానికి చెవుడు.

ఒకనాడు సాయంత్రం ఇంట్ల ఒక్కదాన్నే ఉన్న. టీవీ గూడ పెట్టలేదు. “హలో, వినపడుతున్నదా” అన్న. తెర మీద అక్షరాలు వచ్చినయి. నేనన్న మాటలు కావు.

“స్టవ్ తగ్గియ్యి, పాలు పొంగుతున్నయి.”

దాని కింద ఇంకొకటి. “పద్మకు చెప్పొద్దు. దానికి తెలిసేసరికి తాళం మన చేతిల ఉండాలె.”

పద్మ నేనే. ఆ మాటకు యాప్ జవాబు గూడ రాసింది. “సరే, పద్మకు చెప్పను.”

నిజం చెప్పాలంటే నాకు నవ్వొచ్చింది. ఏదో తప్పు విన్నదనుకున్న. ఆ తెరను ఫోటో తీసి యాప్ వాళ్లకు పంపిన. చుట్టుపక్కల మాటలు పడి ఉంటయని, సప్పుడు లేని జాగల మాట్లాడమని మర్యాదగ రాసిండ్రు.

కొన్ని రోజులకు షాపు ఓనర్ దగ్గరికి పోతే, ఆయన నన్ను వింతగ చూసిండు. “మీ అక్కకు ఇచ్చిన గదమ్మా. మీ బావ వచ్చి తాళం తీస్కపోయిండు. నీకు వద్దంట గద?”

“అక్కకు మీరు చెప్పిండ్రా?”

“నీకు అక్క ఉన్నదనే నాకు తెల్వదు. పద్మ వాళ్ల అక్కను అని ఆమెనే ఫోన్ చేసింది.”

తాళం అనంగనే ఆ తెర మీది మాట యాదికొచ్చింది. అట్లనే వనపర్తి బస్సెక్కిన.

నేను పోయేసరికి బావ చాయ తాగుతుండు. ఆ ఫోటో ఆయన ముంగట పెట్టిన. చదివి గ్లాసు కింద పెట్టిండు. “ఇవి మనం ఆనాడు వంటింట్ల అనుకున్న మాటలే,” అన్నడు అక్క దిక్కు చూసి. “పాలు పొంగుతున్నయని నేనే అన్న.”

“పద్మకు నువ్వు చెప్పినవా?” అని అక్క ఆయన మీదికి లేచింది.

“నేనెందుకు చెప్తనే. ఇంట్ల మనిద్దరమే ఉంటిమి.”

“అది పక్కన పెట్టక్కా. అసలు షాపు సంగతి నీకెట్ల తెలిసింది?” అని అడిగిన.

అక్క నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. “నువ్వే చెప్పితివి గదనే. ఆనాడే పొద్దుగాల ఫోన్ చేసి, బోర్డు మీద ఇద్దరి పేర్లు రాయిద్దామక్కా, నీ పేరే ముందు పెడదామంటివి. మస్తు సేపు మాట్లాడితివి.”

ఆ మాటలు నావే. వినిపించలేదు, మళ్లీ చెప్పండి అని యాప్ అన్నప్పుడల్లా నేను చెప్పిన మాటలే. ఇంకెవరి ముంగట అనలేదు.

అక్క ఫోన్ గుంజుకొని చూసిన. నా నంబర్ నుంచి ఆ పొద్దు కాల్ లేదు. నా ఫోన్ల గూడ లేదు. అక్క ఫోన్ల ఆ యాపే లేదు. “నా పిల్లల మీద ఒట్టు పద్మా, నీ గొంతే,” అన్నది. కండ్లల్ల నీళ్లు వచ్చినయి.

“నీ పేరు ముందు పెడదామన్నది విని గూడ ఎట్ల చేసినవక్కా?” అన్న.

“ఇద్దరికి గిరాకి చాలదనుకున్నం,” అన్నడు బావ మెల్లగ. అక్క ఏడ్చింది భయానికి, నాకు చేసిన దానికి కాదు. అది తెలిసిపోయినంక నేను అక్కడ కూసోలేకపోయిన.

మొబైల్ రిపేరు చేసేటాయనకు చూపిస్తే, ఎవరో మీ అకౌంట్లకు జొరబడి ఉంటరన్నడు. మరి వనపర్తి వంటింట్ల మాటలు నా ఫోన్లకు ఎట్ల వచ్చినయంటే ఫోన్ నా చేతిల పెట్టి ఇంకో ఫోన్ విప్పుకున్నడు. యాప్ తీసి పారేసిన. నా గొంతుతోని అక్కకు ఫోన్ చేసిందెవరో నాకు ఇప్పటికి తెల్వదు.

ఇప్పుడు అక్క నంబర్ నుంచి ఫోన్ వస్తే ఎత్తను. కోపంతోనని అందరు అనుకుంటరు. కోపం సగమే. ఎత్తితే అవతల మాట్లాడేది అక్కనే అని నాకు నమ్మకం లేదు.