అబద్ధంలో కలిపిన రాగిపిండి

కథలు అల్లడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న పని. విత్తనాల వ్యాపారం తర్వాత వచ్చింది. మదనపల్లె మార్కెట్ యార్డు దగ్గర అంగడి పెట్టుకుని టమేటా విత్తనాలు అమ్మేవాణ్ణి. వారానికి రెండు రోజులు పుంగనూరు మీదుగా కుప్పం దాకా అమ్మకాలకు లైను తిరిగేవాణ్ణి. ఒకసారి పెద్దపంజాణిలో, మా విత్తనం వేసిన తోటలో కాయ కిలో తూగిందనీ, దాన్ని తెంపడానికి కొడవలి కావలసి వచ్చిందనీ చెప్పాను. ఎవరూ నమ్మలేదు గానీ పొట్లాలు మాత్రం అమ్ముడుపోయాయి. అబద్ధం నిలబడాలంటే అందులో ఒక నిజం ఉండాలి, అదీ చూసి వచ్చిన నిజం. ఆ కథలో తోట నిజం, రైతు నిజం, బావిలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో అదీ నిజం. కాయ ఒక్కటే నాది.

తొంభైల్లో ఆ లైనులో నాకు ఇద్దరు స్నేహితులు దొరికారు. పుంగనూరులో ఒక బడి అయ్యవారు. క్రైస్తవుడు. ఆదివారం ప్రార్థనలో ముందు నిలబడి వాక్యం చదివేది ఆయనే. రెండో ఆయన కుప్పంలో రేడియోలు, టీవీలు బాగుచేసే మనిషి. నాస్తికుడు. దేన్నయినా విప్పి, లోపల ఎవరూ లేరని చూపించడం ఆయన వృత్తి, ఆయన మతం కూడా. నేను మా అమ్మ కొట్టమన్న చోట టెంకాయ కొట్టి వచ్చే మామూలు మనిషిని. నెలకోసారి ముగ్గురమూ పుంగనూరు బస్టాండు ఎదురుగా కాఫీ హోటల్లో కూర్చుని, దేవుడు ఉన్నాడో లేడో తేల్చుకోవాలని చూసేవాళ్లం. తేలే లోపల కుప్పం బస్సు వచ్చేది.

రెండువేలు దాటాక మూడు ఊళ్లలోనూ నెట్ సెంటర్లు వచ్చాయి. ప్లైవుడ్ చెక్కతో గదులు చేసి, గదికొక కంప్యూటరు పెట్టి, గంటకింత అని తీసుకునేవాళ్లు. అయ్యవారే మొదట కనిపెట్టాడు, నెట్‌లో ఇంగ్లీషులో క్రైస్తవులూ నాస్తికులూ వాదించుకునే ఒక చోటు ఉందని. మాకు చెప్పాడు. అప్పటి నుంచి మా కాఫీ హోటలు వాదన అక్కడికి మారింది. నా ఇంగ్లీషు విత్తనాల పొట్లం మీద ఉండేంత. అయినా మారుపేరు పెట్టుకుని చేరాను.

అక్కడ ఆ రోజుల్లో ఒకటే గొడవ. పేగన్లు పెరిగిపోతున్నారని. పేగన్లంటే ఎవరని అయ్యవారిని అడిగితే, బైబిల్లో అన్యులని రాసి ఉంటుందే వాళ్లని చెప్పాడు. పడమటి దేశాల్లో జనం చర్చి మానేసి చెట్టుకూ రాయికీ పొద్దుకూ మొక్కుతున్నారట. మీరు చర్చిలు ఖాళీ చేయించబట్టే ఇట్లా అయిందని క్రైస్తవులు నాస్తికుల మీద పడేవాళ్లు. మీ దగ్గరే మొక్కడం నేర్చుకుని ఇంకో చోట మొక్కుతున్నారు, మేమేం చేసేదని నాస్తికులు జవాబిచ్చేవాళ్లు. పెరగడమే అబద్ధమని కొందరు, లెక్క చూపించమని ఇంకొందరు. ఒక్క విషయంలో మాత్రం రెండు పక్షాలూ కలిసేవి. ఆ మొక్కడమనేది జ్వరం లాంటిదని, పాకుతుందని. ప్రతి మంగళవారం మా అమ్మ చేసే పనికి దేశదేశాల వాళ్లు ఇంత భయపడుతున్నారని తెలిసి నాకు కొంచెం గర్వంగా అనిపించింది.

ఒక మధ్యాహ్నం అంగట్లో బేరం లేదు. నెట్ సెంటర్‌కు పోయి వాళ్లడుగుతున్న లెక్క నేనే రాశాను. మా జిల్లాలో ఒక ఊరు ఉందనీ, అందులో నలభై క్రైస్తవ కుటుంబాలూ, వాటితో పాటు నాస్తిక సంఘం వాళ్లు పదకొండు మందీ కలిసి వేపచెట్టు కింద ఒక రాయి నిలబెట్టి పూజ మొదలుపెట్టారనీ, నాస్తికులు టెంకాయలు తెస్తే క్రైస్తవులు కొడుతున్నారనీ. రాసి చదువుకుంటే గాలికి పోయేట్టుగా ఉంది. నిలబెట్టాలి. అందుకని కింద ఒక నిజం కలిపాను. పుంగనూరులో ఆదివారం వాక్యం చదివే బడి అయ్యవారి ఇంటి నుంచే ప్రతి గంగజాతరకూ రెండు శేర్ల రాగిపిండి పోతుందని.

అది నిజమే. జాతర రోజు ఎండలో నడిచి వచ్చే వాళ్లకు ఆ వీధి వాళ్లు అంబలి పోస్తారు. ఇంటింటికీ ఇంత పిండి అని ఎప్పుడో పెద్దలు అనుకున్న మాట. అయ్యవారి తాత క్రైస్తవుడైనప్పుడు మతం మారింది గానీ వీధి మారలేదు. అందుకని పిండి పోవడం ఆగలేదు. వండక ముందే, గంగమ్మ ముందు పెట్టక ముందే ఇచ్చి పంపేవాళ్లు. అది నేను వాళ్ల గుమ్మంలో నిలబడి చూసినదే.

రెండు రోజుల్లో నా రాతకు వచ్చిన జవాబులు చదవడానికి గంట చాలలేదు. చూశారా, అని క్రైస్తవులు. చూశారా, అని నాస్తికులు. ఇద్దరికీ నా నలభై ఇళ్లు పనికొచ్చాయి. మూడో రోజు కుప్పం నుంచి అంగడికి ఫోను.

"రాసింది నువ్వే కదప్పా. కిలో కాయ వాసన వస్తాండాది."

నేను ఒప్పుకున్నాను. నాస్తికులు పదకొండు మంది అన్న లెక్క ఎక్కడిదని అడిగాడు. కుప్పంలో తానొక్కడే ఉన్నానని, మిగతా పదిమందిని చూపిస్తే సంతోషిస్తానని అన్నాడు. ఇద్దరమూ నవ్వుకున్నాం. అయ్యవారి సంగతి ఇద్దరికీ తట్టలేదు.

నెల తిరగక ముందే ఆ రాత కాగితం మీద అచ్చయి పుంగనూరు చేరింది. బెంగుళూరులో ఎవరో విశ్వాసి చదివి, బాధపడి, పుంగనూరు చర్చి సంఘానికి పోస్టులో పంపాడు. సంఘం పెద్దలు అయ్యవారిని పిలిపించారు. ఆయన ఇంకమీదట ముందు నిలబడి వాక్యం చదవవచ్చా, కూడదా అనేది శనివారం తేలుస్తామన్నారు. పద్దెనిమిదేళ్లుగా చదువుతున్న మనిషి. ఆదివారం కట్టడానికని ఒక తెల్లపంచె విడిగా ఉంచుకునేవాడు.

శనివారం నేను పోయాను. మందిరం పక్కన రేకుల షెడ్డులో పాస్టరు గారూ నలుగురు పెద్దలూ కూర్చున్నారు. అయ్యవారు ఒక పక్కగా స్టూలు మీద ఉన్నాడు. నేను నిలబడి, ఆ రాత నాదేననీ, నలభై కుటుంబాలూ వేపచెట్టూ రాయీ అన్నీ కల్పించిందేననీ చెప్పాను. జీవితంలో అంత చప్పగా నేనెప్పుడూ మాట్లాడలేదు. పెద్దల్లో ఒకాయన మా దగ్గర విత్తనాలు కొన్న రైతే. ఆయనే మొదట అందుకున్నాడు.

"స్నేహితుణ్ణి కాపాడేదానికి వచ్చి సెప్తాండావు. నీ మాట మాకు తెలీదా అప్పా."

నా జన్మకు ఒక్కసారి నిజం చెబితే అదీ నా అబద్ధాల లెక్కలోనే పడింది. కోపం రాలేదు. ఆయన స్థానంలో ఉంటే నేనూ నమ్మను.

అప్పుడు కుప్పం ఆయన లోపలికి వచ్చాడు. ఫోనులో నేను సంగతి చెబితే అంగడి మూసి బస్సెక్కాడట. తాను నాస్తికుణ్ణని ముందే చెప్పుకుని, కూర్చోమన్నా కూర్చోకుండా సాక్ష్యం ఇచ్చాడు.

"పన్నెండేండ్లుగా ఈయనతో కొట్లాడతాండాను. ఉత్తరాలు రాసినాను, కాఫీలు తాపించినాను. ఇసుమంత సందు ఇచ్చుంటే నేను ఈపాటికి మా దిక్కు లాక్కోనుండేవాణ్ణి. ఈ మనిషి మీ వాడే. నాకు అదే బాధ."

పాస్టరు గారు నవ్వు ఆపుకోవడానికి దగ్గారు. ఒక విశ్వాసికి నాస్తికుడు ఇచ్చిన సర్టిఫికెట్టు ఆ షెడ్డులో అదే మొదటిదయి ఉంటుంది. పెద్దలు తమలో తాము మాట్లాడుకున్నారు. వ్యవహారం ముగిసిందనే నేను అనుకున్నాను. రైతు పెద్ద మళ్లీ నోరు తెరిచాడు. మిగతాదంతా పోనీ, రాగిపిండి పోతుందా లేదా అని అడిగాడు.

లేదంటే సరిపోయేది. నేనయితే నాలుగు రకాలుగా లేదని చెప్పేవాణ్ణి.

"పోతాండాది," అన్నాడు అయ్యవారు. "మా తాత కాలం నుంచి."

పాస్టరు గారు మెత్తటి మనిషి. దారి వెతికారు. జాతర రోజు కాకుండా ఇంకోనాడు పేదలకు పంచవచ్చు కదా అన్నారు. ఎండ ఆ రోజే కదండీ, దాహమూ ఆ రోజే అని అయ్యవారు జవాబు చెప్పాడు. ఇక ఇవ్వనని ఒక కాగితం రాసిస్తే చాలు, వాక్యం మీరే చదవండి అని ఒక తెల్లకాగితం ముందు పెట్టారు. ఆయన పెన్ను తీసుకుని రాశాడు. ఇప్పటి దాకా ఇచ్చాననీ, ఇకముందూ ఇస్తాననీ, గంగమ్మకు మొక్కలేదనీ, మొక్కననీ. మూడు వరుసలు. కింద సంతకం పెట్టి, చదివే పుస్తకం ఉంచిన బల్ల సొరుగు తాళంచెవి ఆ కాగితం మీద పెట్టాడు.

బస్టాండు దాకా ముగ్గురమూ నడిచాం. నేను తప్పయిందని చెప్పబోతే అయ్యవారు ఆపాడు.

"అబద్ధం రాసినందుకు నాకు కోపం లేదప్పా. అది నీ పని. నిజం ఎందుకు కలిపితివి?"

లేకపోతే అబద్ధం నిలబడదని కలిపానని చెప్పాను. ఆయన తల ఊపాడు. బడిలో పిల్లవాడు తప్పు లెక్కను సరైన పద్ధతిలో చేస్తే ఊపినట్టు.

మదనపల్లెకు వచ్చి నెట్‌లో అసలు సంగతి రాశాను. ఎవరో బెదిరించి రాయించారని క్రైస్తవులు అన్నారు. రుజువు చూపమని నాస్తికులు అన్నారు. నలభై కుటుంబాలకు మాత్రం వాళ్లెవరూ రుజువు అడిగి ఉండలేదు. ఆ ఊరికి ఇంకా రెండు ఊళ్లు చేర్చి ఎవరో కొత్త లెక్క మొదలుపెట్టారు కూడా.

జాతర వచ్చింది. పిండి పోయింది. ఆ తర్వాతి ఆదివారం లైను లేకపోయినా పుంగనూరు బస్సెక్కాను. ప్రార్థన ముగిసి జనం బయటికి వస్తున్నారు. వాక్యం ఇప్పుడు వేరే ఆయన చదువుతున్నాడు, గొంతు బాగుంది. అయ్యవారు చివరి చాప మీద నుంచి లేచి, అదే తెల్లపంచెతో, అందరికంటే వెనక వచ్చాడు. వెనక కూర్చోవడం ఎట్లా ఉందని అడిగాను.

"పద్దెనిమిదేండ్లు సదివినాను. వినేది ఇప్పుడే నేర్చుకుంటాండా. కష్టంగానే ఉండాది."

నెట్‌లో వాదన ఎంత దూరం వచ్చిందని అడిగాడు. తానిప్పుడు అటు పోవడం లేదట. సాగుతూనే ఉందని చెప్పాను.

"నన్ను ఏ దిక్కు ఏసుకున్నారు?"

క్రైస్తవులూ నాస్తికులూ ఇద్దరూ ఆయన్ను పేగన్ల దిక్కు, అంటే మా దిక్కే తోశారని చెప్పాను. అది దాచాలని ఒక్క క్షణం అనిపించింది గానీ దాచలేదు. ఆయన చెప్పులు వేసుకుంటూ ఆలోచించాడు.

"వచ్చే ఆదివారం కూడా ఈడికే వస్తానని రాయి," అన్నాడు.

మరునాడు రాశాను, ఏమీ కలపకుండా, ఒకే ఒక్క వాక్యం. దానికి ఎవరూ జవాబు ఇవ్వలేదు.