వద్దంటే ఏమవుతుంది?

స్పిరిట్ దూది వాసన నాకు రోజూ అలవాటైనదే. అయినా ఈ ఉదయం దోహాలోని ఐన్ ఖాలిద్ క్లినిక్‌లో నర్సు సీసా మూత తీయగానే డాక్టర్ వసుంధర గారు గుర్తొచ్చారు. ఆవిడది కాకినాడ. ఇక్కడ నా మొదటి బాస్. ఎండలో పనిచేసేవాళ్ల కిడ్నీలు ఎందుకు చెడుతున్నాయో తేల్చే పరిశోధన ఆవిడది. అందులో నేను ల్యాబ్ టెక్నాలజిస్టుని.

అప్పుడు నాకు పైచదువు బెంగ పట్టుకుంది. ఒకటి, ల్యాబ్‌లో పీహెచ్‌డీ. రెండు, బయోస్టాటిస్టిక్స్‌లో మాస్టర్స్. మూడు, క్లినికల్ రీసెర్చ్‌లో మాస్టర్స్, అంటే మనుషులను పరిశోధనలో ఎలా చేర్చుకోవాలో, వాళ్ల హక్కులు ఎలా కాపాడాలో నేర్పే చదువు. సంతకాలు పెట్టించుకోవడానికి ఇంత చదువెందుకని మూడోదాన్ని అట్టడుగున పెట్టాను. ఆ మాటే చెబితే మేడమ్ నవ్వి, "సోమవారం ల్యాబ్ వదిలేసి నా పక్కన కూర్చోవయ్యా" అన్నారు.

సోమవారం కంపెనీ బస్సులో క్యాంప్ నుంచి వచ్చినవాళ్లలో మొదటివాడు లింగన్న. జగిత్యాల వైపు మనిషి, కట్టడాల పని. రక్తం ఎందుకు తీస్తారో, దాన్ని ఎవరు చూస్తారో మేడమ్ నిదానంగా చెప్పారు. ఇష్టం లేకపోతే మానుకోవచ్చనీ చెప్పారు. అంతకంటే స్పష్టంగా ఎవరూ చెప్పలేరు. లింగన్న ప్రతి మాటకూ తలూపి పెన్ను అందుకున్నాడు.

సంతకానికి ముందు మేడమ్ ఎవరినైనా ఒక ప్రశ్న అడిగేవారు. అప్పటిదాకా అందరూ "ఏమీ కాదు" అనే చెప్పారు. "లింగన్నా, నువ్వు వద్దంటే ఏమవుతుంది?"

"వద్దని ఎట్లంట మేడమ్? మెడికల్ గద. ఫెయిలైతే ఇంటికి పంపుతరు."

గల్ఫ్‌లో దిగిన ప్రతి కార్మికుడూ నివాస అనుమతి కోసం రక్తమిచ్చి, ఎక్స్‌రే తీయించుకున్నవాడే. అందులో తప్పితే తిరుగు విమానమే. తెల్లకోటు, సూది, కంపెనీ బస్సు. లింగన్నకు ఇదీ అదే.

"మానుకోవచ్చని చెప్పాను కదా?"

"చెప్పిన్రు. అందరు అట్లనే చెప్తరు."

ఫ్రీజర్‌లో నా చేతులతో సర్దిన గొట్టాలన్నీ కళ్లముందు నిలిచాయి. అదంతా భయపడి ఇచ్చిన రక్తమా? మేడమ్ లింగన్న చేతిలోంచి పెన్ను తీసుకుని, "ఇది మెడికల్ కాదు. లేచి వెళ్లిపో, ఏమీ కాదు" అన్నారు.

"నిజంగ పోవచ్చా?"

"పో."

అతను నమ్మలేనట్టు మా ఇద్దరినీ చూసి, వెనక్కి తిరగకుండా వెళ్లిపోయాడు.

"ఇదివరకు చేరినవాళ్లందరినీ మళ్లీ పిలువు" అన్నారు మేడమ్. "కంపెనీ బస్సు వద్దు. కంపెనీ మనిషి గుమ్మంలో కూడా ఉండకూడదు."

"సగంమంది మానేస్తే పరిశోధన ఆగిపోతుంది మేడమ్."

"ఆగనీ."

సగం కంటే ఎక్కువమందే మానేశారు. వాళ్ల రక్తాన్ని నేనే పారబోశాను. పరిశోధన ఆగింది, మేడమ్ కాంట్రాక్టూ ముగిసింది. బాధగా లేదా అని అడిగితే, "ఉంది. ఎందుకుండదు?" అన్నారు.

నేను మూడో చదువే చదివాను. అక్కడ నియమాలన్నీ నేర్పారు. ఎదుటి మనిషి నిజంగా కాదనగలడో లేదో కనిపెట్టడం మాత్రం ఆవిడ దగ్గర నేర్చుకున్నదే, ఇప్పటికీ పూర్తిగా చేతకాలేదు. నిన్న ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఉండే ఒక హౌస్ డ్రైవర్, మా పరిశోధన గురించి నేను చెప్పిందంతా విని, "నాకొద్దండి" అని కుర్చీ వెనక్కి జరిపాడు. బయటిదాకా వెళ్లి సాగనంపి వచ్చాను.